సంక్రాంతి పిండివంటల ప్రచారం ఎప్పుడు మొదలుపెట్టాలి?

చిన్న పిండివంటల దుకాణమైతే డిసెంబర్ మొదటి వారంలోనే మొదలుపెట్టాలి. పండుగ రోజును కాదు, కొనేవాళ్లు ఆర్డర్ ఇచ్చే రోజును బట్టి లెక్క వేసుకోవాలి. అరిసెలకు బియ్యం నానబెట్టాలి, తడిపిండి పట్టించాలి, బెల్లం పాకం పట్టాలి. ఆర్డర్లన్నీ చివరి వారంలో మీద పడితే చేతులు చాలవు, రుచి చెడుతుంది. అసలు నష్టం అదే. ఉదాహరణకు, అమెరికాలో ఉన్న పిల్లలకు జనవరి 14కల్లా సున్నుండలు అందాలంటే, కొరియర్‌కు, కస్టమ్స్‌కు రెండు వారాలైనా వదిలి డిసెంబర్ నెలాఖరుకే పార్సిల్ కట్టేయాలి.

ఈ తేదీల పద్ధతే ఏటా అన్ని పండుగలకూ సరిపోతుందని చాలామంది పొరపడతారు. సంక్రాంతి సూర్యమానం ప్రకారం వస్తుంది కాబట్టి జనవరి 14, 15 దాటదు. దీపావళి అలా కాదు: 2024లో అక్టోబర్ 31, 2025లో అక్టోబర్ 20, 2026లో నవంబర్ 8.