షెల్టర్ కుక్క ఫ్రీనే, దాని నెల ఖర్చు మాత్రం ఫ్రీ కాదు

ప్రశ్న: సార్, మేం కూకట్‌పల్లిలో అద్దెకుంటాం. ఇద్దరి జీతాలు కలిపి 58,000, అద్దె 16,000. మా పాపకి ఎనిమిదేళ్ళు, ఏడాదిగా కుక్క కావాలని ఒకటే గొడవ. షెల్టర్‌లో ఏడాదిన్నర ఆడకుక్కని చూసొచ్చాం, డబ్బులేం వద్దన్నారు. మా తమ్ముడేమో 18,000కి లాబ్రడార్ పిల్లని ఇప్పిస్తానంటున్నాడు. కార్డు మీద 24,000 బాకీ ఉంది, లక్ష రూపాయల చీటీ ఇంకా నాలుగు నెలలు కట్టాలి, పాట పాడలేదు. చీటీతో సహా అన్నీ పోను నెలకి 6,000 మిగుల్తుంది. తెచ్చుకోవచ్చా?

జవాబు: తెచ్చుకోవచ్చమ్మా, కానీ ఈ నెల కాదు, ఐదు నెలలాగి తెచ్చుకోండి.

నేనూ ఆరేళ్ళ క్రితం ఇలాగే ఫ్రీ కదా అని ఒకదాన్ని తెచ్చినవాణ్ణే. మొదటి వారం స్కూటర్ కిందనించి బయటికి రాలేదు, అంత రేటు పెట్టి కొన్న డ్రై ఫుడ్ వాసన కూడా చూడలేదు, మా ఆవిడ పెరుగన్నం పెడితే గిన్నె మొత్తం నాకేసింది. సరే పెరుగన్నంతో పోతుంది, ఖర్చేముందిలే అనుకున్నా. రెండో నెలలో తిండి మానేసి మూలన పడుకుంది, పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్ అన్నారు, రక్త పరీక్షలూ సెలైన్లూ ఇంజెక్షన్లూ ఆటో ఛార్జీలూ అన్నీ కలిపి పది రోజుల్లో 11,400 అయింది. మా ఆవిడ పాల లెక్క రాసే నోట్‌బుక్కులోనే రాసింది, ఇప్పటికీ నేను ఏదైనా అనవసరంగా కొంటే ఆ పేజీ తీసి చూపిస్తుంది. అప్పుడు నేనది కార్డు మీద గీకా, పైగా చేసేది జనాలకి డబ్బు సలహాలిచ్చే ఉద్యోగం!

అందుకే మీకు చెప్పేదేంటంటే కుక్కని కొన్న రేటు అసలు లెక్కే కాదు. మీరు చూసినలాంటి పద్ధెనిమిది కిలోల నాటు కుక్కకి రోజుకి 200 గ్రాముల చికెన్, అన్నం, ఒక గుడ్డు అనుకుంటే నెలకి 1,900 దాకా అవుతుంది, పిడుదుల మందు మూడు నెలలకోసారి వేసేది మంచిదే వేస్తే నెలకి 650 పడుతుంది, ఏటా వేయించే రేబిస్ టీకా, మిగతా జబ్బులకి కలిపి ఒకే సూదిగా వేసే సెవెన్ ఇన్ వన్, నులిపురుగుల మందు కలిపి నెలకి ఓ 150, షాంపూ బెల్టు కొరికేసిన చెప్పులు 300. ఇక జనాలు మర్చిపోయేది బోర్డింగ్, అంటే మనం ఊళ్ళో లేనప్పుడు డబ్బులిచ్చి కుక్కని వేరేచోట వదలడం, సంక్రాంతికి ఊరెళ్ళాలంటే స్లీపర్‌లోగానీ థర్డ్ ఏసీలోగానీ కుక్కని ఎక్కించనివ్వరు, ఏడాదికి పది రోజులు రోజుకి 600 చొప్పున వదిలినా నెలకి 500 పడ్డట్టే. మొత్తం 3,500. ఇది పన్నెండేళ్ళు బతికి, ధరలు ఏటా 7 శాతం పెరిగితే ఏడున్నర లక్షలు! భయపెట్టడానికి చెప్పట్లేదు, బైక్ కొన్నప్పుడు పెట్రోల్ లెక్కేసుకుంటాం కదా, అలాగే ఇదీ.

ఇప్పుడు మీ 6,000 సంగతి. కార్డు బాకీకి నెలకి మూడున్నర శాతం వడ్డీ అనుకుంటే ఒక్క నెలకే 840, అంటే కుక్క పిడుదుల మందు డబ్బుకన్నా ఎక్కువే బ్యాంకుకి పోతోంది. 6,000 మొత్తం దానికే కట్టండి, కొత్తగా గీకకండి, నాలుగు నెలలకి రెండు వేల పైచిలుకు మిగుల్తుంది, ఐదో నెలలో అదీ అయిపోతుంది. తొందరపడి చీటీ పాట మాత్రం పాడొద్దు, ఆఖరి దాకా ఆగితే కమిషన్ పోను దాదాపు లక్ష చేతికొస్తుంది. అందులో 30,000 కుక్క పేరు మీద విడిగా ఎఫ్‌డీలో పడేయండి, ఎప్పుడైనా తీసుకునేలా ఉండాలి. మిగతాది మీ ముగ్గురి ఎమర్జెన్సీకి. చీటీ 5,000 కట్టక్కర్లేదు, కార్డూ తీరింది, అప్పుడు నెలకి 11,000 మిగుల్తుంది, అందులో 3,500 పెద్ద బరువేం కాదు.

పెట్ ఇన్సూరెన్స్ గురించి అందరూ అడుగుతారు. వయసు పరిమితి, వెయిటింగ్ పీరియడ్ అంటే కట్టాక ఎన్నాళ్ళకి క్లెయిమ్ ఇస్తారు, ఏ జబ్బులకి ఇవ్వరు, ఈ మూడూ చదవకుండా కట్టొద్దు, నామటుకు నేను ఆ ప్రీమియం డబ్బులు కూడా ఆ ఎఫ్‌డీలోనే వేస్తాను. కుక్క వైద్యం ఖర్చుకి ఇన్‌కమ్ ట్యాక్స్‌లో మినహాయింపు రాదు, ఒకాయన నిజంగానే అడిగాడు.

మీకు అసలు పెద్ద ఖర్చు వచ్చేది ఇంటి ఓనర్ దగ్గర. జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాల ప్రకారం అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కుక్కల్ని పెంచొద్దని నిషేధం పెట్టకూడదు, కానీ అద్దెకిచ్చిన ఓనర్‌తో పేచీ వేరు, ఆయన ఖాళీ చెయ్యమంటే కొత్త ఇంటికి రెండు నెలల అడ్వాన్సే 32,000, సామాను లారీ వేరే. అగ్రిమెంట్‌లో కుక్క ఉండొచ్చని ఒక్క లైను రాయించుకోండి, నోటిమాట నమ్మకండి.

లాబ్రడార్ మాట మీ తమ్ముడితో మర్యాదగా వద్దనండి. 18,000 పోయాక కూడా పిల్లకి వరసగా టీకాలు, తర్వాత పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, దాని తిండి కూడా ఎక్కువ, మన ఎండలకి ఫ్యాను చాలక ఏసీ. షెల్టర్‌లో పెద్దదాన్ని తీసుకుంటే చాలాసార్లు ఆపరేషనూ టీకాలూ అయిపోయుంటాయి, టీకాల కార్డు అడిగి చూసుకోండి. ఫ్రీ అన్నారు కదా అని ఊరికే తీసుకురాకండి, 1992లో అమల అక్కినేని గారు మొదలుపెట్టిన హైదరాబాద్ బ్లూ క్రాస్ దగ్గర్నించి చిన్న షెల్టర్ల దాకా విరాళాల మీద నడిచేవే, ఓ రెండు వేలు ఇవ్వండి. విరాళానికి ట్యాక్స్ మినహాయింపు ఇచ్చే రసీదు ఉంటే అడగండి, అది పాత ట్యాక్స్ పద్ధతిలో ఉన్నవాళ్ళకే పనికొస్తుంది.

ఈ ఐదు నెలలూ పాపని ఆదివారాలు షెల్టర్‌కి తీసుకెళ్ళండి, వాళ్ళు ఒప్పుకుంటే రెండు వారాలు ఫాస్టర్‌కి, అంటే తాత్కాలికంగా ఇంట్లో ఉంచుకోడానికి తెచ్చుకోండి, పొద్దున ఐదున్నరకి దాన్ని బయటికి తిప్పేది ఎవరో అప్పుడే తేలిపోతుంది. ఆలోపు ఆ కుక్కని వేరేవాళ్ళు తీసుకెళ్ళిపోతే పోనీండి, చెవి కొస కత్తిరించినవి అక్కడ ఇంకా ఉంటాయి. అది దెబ్బ కాదమ్మా, ఆపరేషన్ అయిందని గుర్తు. మా దాన్ని చూసి కూడా పాపం ఎవరు కోశారని అడుగుతారు.