దేశాల మధ్య ఆహార ఒప్పందాల వల్ల శ్రీకాకుళం రైతుకు ఒరిగేదేమిటి?

దక్షిణాసియా దేశాలు ఆహార భద్రత కోసం చేసుకొనే ఒప్పందాల వల్ల మన జిల్లా చిన్న రైతుకు నిజంగా మేలు జరుగుతుందా, లేక అవి సంతకాలతోనే ముగిసిపోతాయా అన్న ప్రశ్న మీ రైతు ఉత్పత్తిదారుల సంఘం సమావేశంలో వచ్చిందని రాశారు. నేను నరసన్నపేట ప్రాంతంలో వంశధార ఎడమ కాలువ కింద మూడున్నర ఎకరాల పల్లం చేసుకొంటున్న రైతును. మా ఊరి విత్తన బృందం లెక్కలు కూడా కొన్నేళ్లు చూశాను. నాకు అర్థమైనంతవరకు విత్తనం విషయంలో ఆ మేలు మనకు తెలియకుండానే జరిగిపోయింది, నీటి విషయంలో సగంలో ఆగింది, ధాన్యం నిల్వల విషయంలో మన కళ్లం దాకా వచ్చింది దాదాపు ఏమీ లేదు.

విత్తనం సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మనం ఏడు వేల ఇరవై తొమ్మిది అని పిలిచే స్వర్ణ వరి రకం 1982లో మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చింది. దాని తల్లిదండ్రులు వశిష్ఠ, మసూరి. ఆ మసూరి పుట్టుక చాలామందికి తెలియదు. 1950 దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో కటక్‌లోని వరి పరిశోధన కేంద్రం కేంద్రంగా పలు ఆసియా దేశాలు కలిసి ఒక సంకరణ కార్యక్రమం నడిపాయి. తైవాన్ రకానికీ మలయా రకానికీ జరిగిన సంకరణ నుంచి మలేసియాలో ఎంపికై 1965లో విడుదలైన రకమే మసూరి. అది తిరిగి మన దేశానికి వచ్చి ఆంధ్ర పొలాల్లో పాతుకుపోయింది. అంటే మన ఇంటి గాదెలోని స్వర్ణ వెనుక ఉన్నది కేవలం గోదావరి జిల్లా శాస్త్రవేత్తల శ్రమ మాత్రమే కాదు. ఆ స్వర్ణ తరవాత సరిహద్దు దాటి బంగ్లాదేశ్ వాయవ్య జిల్లాలకు చేరింది. అక్కడి ప్రభుత్వం విడుదల చేయకపోయినా రైతులు చేతులు మార్చుకొంటూ 'గుటి స్వర్ణ' అనే పేరుతో దాన్ని విరివిగా పండించారు. ఒప్పందాలకంటే ముందు రైతులే సహకరించుకొన్నారని నేను అనడానికి కారణం ఇదే.

ముంపును తట్టుకొనే స్వర్ణ సబ్‌1 కథ నాకు అనుభవంలోకి వచ్చినది. ఒడిశా నాటు వరి నుంచి ఎంపిక చేసిన ఎఫ్‌ఆర్‌ 13ఏ అనే రకంలోని ముంపు తట్టుకొనే జన్యువును ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ మన స్వర్ణలోకి తెచ్చింది. మామూలు వరి నీట మునిగితే పైకి తేలడానికి ఎదిగి ఎదిగి, ఉన్న బలమంతా ఖర్చు చేసుకొని, నీరు తీయగానే పడిపోతుంది. సబ్‌1 మాత్రం ఎదుగుదల ఆపి, శక్తిని దాచుకొని, నీరు దిగాక మళ్లీ చిగురిస్తుంది. ఇది మన దేశంలో 2009లోను, బంగ్లాదేశ్‌లో 2010లోను, నేపాల్‌లో 2011లోను విడుదలైంది. ఒక దేశంలో పరీక్షించిన వరి రకాన్ని పొరుగు దేశం మొదటి నుంచి మళ్లీ ఏళ్ల తరబడి పరీక్షించనవసరం లేకుండా ఆ మూడు దేశాలు 2014లో ఒక అంగీకారానికి వచ్చాయి. నా దృష్టిలో ఏ శిఖరాగ్ర ప్రకటన కంటే కూడా రైతుకు దగ్గరగా వచ్చిన ఒప్పందం ఇది.

నాకు సబ్‌1 విత్తనం మొదటి బస్తా ఇచ్చింది ఒడిశాలో వంశధార ఒడ్డున గుణుపురంలో ఉండే మా మేనమామ. వేసిన రెండో ఏడు, ఉభాలు (నాట్లు) ముగిసిన మూడు వారాలకు గెడ్డ (వాగు) పొంగి, పల్లపు మడి తొమ్మిది రోజులు నీటి కిందే ఉండిపోయింది. నీరు తీసినప్పుడు మడి నిండా బురద, కుళ్లిన ఆకులే కనిపించడంతో మా ఆవిడ ఇంక ఆశ వదులుకోమన్నది. పది రోజులకు మొదళ్ల నుంచి పచ్చని మొలక లేచింది. పక్క మడిలోని మామూలు స్వర్ణను మాత్రం దున్నేయవలసి వచ్చింది. అయితే అమ్మకం దగ్గర మరో చిక్కు ఎదురైంది. స్వర్ణ గింజ పొట్టు బంగారు రంగులో ఉంటే, సబ్‌1 పొట్టు గడ్డి రంగులో ఉంటుంది. మా ఊరికి వచ్చే వ్యాపారి ఇది స్వర్ణ కాదని వాదించి బస్తాకు ధర తగ్గించాడు. బియ్యం పట్టించి, వండించి చూపితేగాని తరవాతి ఏడు ఒప్పుకోలేదు. కొత్త విత్తనాన్ని దేశాలు దాటించడానికి శాస్త్రవేత్తలు, అధికారులు పడిన శ్రమలో పదో వంతు దాన్ని బజారుకు పరిచయం చేయడంలో ఎవరూ పడలేదని అప్పుడు నాకు అనిపించింది.

ఈ విత్తనానికి ఒక హద్దు ఉన్నదని తిత్లీ నేర్పింది. 2018 అక్టోబరు 11న ఆ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా వరి పొట్ట దశ దాటి ఈనుతున్నది. సబ్‌1 గుణం పిలకల దశలో సుమారు రెండు వారాల ముంపుకే గాని, ఈనిక సమయపు ముంపుకు కాదు. ఆ ఏడు మా మడిలో తాలు గింజలే ఎక్కువ మిగిలాయి. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు కూలిన రైతుల నష్టంతో పోల్చితే మాది చిన్నదే.

ఆ వరదలో నా మోటారు, ఎరువు బస్తాలు మిగిలాయంటే అందుకు కారణం గుణుపురం నుంచి ముందే వచ్చిన మా మామయ్య ఫోను. వంశధార ఒడిశాలో పుట్టి, మన జిల్లాలో కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. పైన ఎంత నీరు వస్తున్నదో కింద ఉన్నవాడికి ఎంత ముందు తెలిస్తే అంత మేలు. నదీ జలాలను చెరిసగం పంచుకోవాలని రెండు రాష్ట్రాలూ 1962లోనే అనుకొన్నాయి. అయినా వివాదం ముదిరి, 2010లో ట్రిబ్యునల్ ఏర్పడి, 2017లో తుది నివేదిక వచ్చింది. వంశధార మీద కట్టదలచిన నేరడి బ్యారేజీ గురించి ఇద్దరు ముఖ్యమంత్రులు 2021 నవంబరులో భువనేశ్వర్‌లో కూర్చొని మాట్లాడుకోవలసి వచ్చింది. జంఝావతి నది మీద కొమరాడ మండలంలో 2006లో రబ్బరు డ్యాము కట్టడానికి కారణం కూడా ఒడిశా వైపు ముంపు సమస్య తేలకపోవడమే. ఒకే దేశంలోని రెండు రాష్ట్రాలకే ఇంత కాలం పడుతుంటే, సార్క్ అనే ఎనిమిది దక్షిణాసియా దేశాల కూటమి నుంచి తొందరగా ఫలితం ఆశించడం నాకు చేతకాదు.

నిల్వల విషయం క్లుప్తంగా చెబుతాను. సార్క్ దేశాలు 1988 నుంచి అమలులోకి వచ్చేలా రెండు లక్షల టన్నుల ఆహార నిల్వ ఒకటి పెట్టుకొన్నాయి, అది ఎవరికీ అక్కరకు రాలేదు. దాని స్థానంలో 2007లో ఆహార బ్యాంకు ఒప్పందం చేసుకొని, నిల్వను తరవాత 4,86,000 టన్నులకు పెంచారు. కాని ఆ ధాన్యం ఎవరి గోదాముల్లో వారిదే ఉంటుంది. కావలసిన దేశం ధర గురించి ఇచ్చే దేశంతో విడిగా బేరమాడుకోవాలి. 2007 నవంబరులో సిడర్ తుఫాను బంగ్లాదేశ్‌ను దెబ్బతీసిన సమయంలో మన దేశమే బియ్యం ఎగుమతులు బిగించింది. 2023 జూలైలో మళ్లీ తెల్ల బియ్యం ఎగుమతి ఆపి 2024 సెప్టెంబరులో ఎత్తివేసింది. ఇంటి ధర చూసుకోవడాన్ని నేను తప్పుపట్టను, కాని అటువంటి రోజున పొరుగు దేశానికి ఆ ఆహార బ్యాంకు వట్టి కాగితంగానే కనిపిస్తుంది.

జీవనోపాధి గురించి కూడా అడిగారు కాబట్టి, పొరుగు దేశాల మధ్య సఖ్యత లేనప్పుడు దానికేమవుతుందో ఒక్క మాట. గుజరాత్‌కు వలస వెళ్లి పడవల మీద పనిచేస్తూ 2018 నవంబరులో పాకిస్థాన్‌కు పట్టుబడిన మన మత్స్యకారులు ఇరవై మంది 2020 జనవరిలో గాని వాఘా దాటి రాలేకపోయారు. ఆ ఏడాదికి పైగా కాలం వారి ఇళ్లు ఎట్లా గడిచాయో తీర గ్రామాలవారిని అడిగితే చెబుతారు.

మీ సంఘం చేయదగిన పని విత్తనం దగ్గరే ఉన్నదని నా అభిప్రాయం. పల్లపు మడుల సభ్యులకు సబ్‌1 విత్తనం నిలవ చేయదలిస్తే, దాన్ని స్వర్ణ మడికి దూరంగా వేయించి, పైరు మీద ఉండగానే కేళీలు (కలిసిన వేరే రకం మొక్కలు) ఏరించండి. మా బృందం మూడో ఏట ఈ పని బద్ధకించి రెండు రకాలనూ ఒకే కళ్లంలో నూర్చింది. పొట్టు రంగు చూసి గింజలను చేతులతో వేరు చేయాలని రెండు రోజులు కూర్చొని, ఆ పదహారు బస్తాలనూ చివరికి మిల్లుకే తోలవలసి వచ్చింది.