స్థాపకులా? వ్యవస్థాపకులా?

సందేహం: మా బడి వార్షికోత్సవం ఆహ్వానపత్రంలో 'వ్యవస్థాపకులు' అని వేయించబోతుంటే, ఒక పెద్దాయన 'స్థాపకులు' అంటే చాలదా అన్నారు. పిల్లలేమో 'ఫౌండ్' అంటే దొరికింది అని కదా, మరి 'ఫౌండర్' అంటే బడి పెట్టినాయన ఎట్లా అయ్యాడు అంటున్నారు. ఏం చెప్పను? (ఒక ఉపాధ్యాయిని, కావలి)

సమాధానం: అమ్మా, పిల్లలు మంచి ప్రశ్న వేశారు. ఇంగ్లీషులో రూపం ఒకటే అయినా 'ఫౌండ్'లు మూడు. 'ఫైండ్'కు భూతకాలమైన ఫౌండ్ జర్మానిక్ కుటుంబపు మాట. స్థాపించడమనే ఫౌండ్ లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. లాటిన్‌లో 'ఫుందుస్' అంటే అడుగుభాగం, 'ఫుందారె' అంటే అడుగుభాగం వేసి కట్టడం. దీని భూతకాలం 'ఫౌండెడ్'. మూడోది లోహాన్ని పోతపోయడం, ఇది 'ఫుందెరె' అనే వేరే ధాతువుది. ఫౌండ్రీ ఇక్కడిదే. అచ్చక్షరాలను సీసంతో పోతపోసేవారు గనుక 'ఫాంట్' అనే పేరూ దీని నుంచే పుట్టింది.

ఆ 'ఫుందుస్' మనకు పరాయిదేం కాదు. సంస్కృతంలో అడుగుభాగాన్ని 'బుధ్నం' అంటారు, రెంటికీ మూలం ఒకటే. ఏకాదశ రుద్రులలో అహిర్బుధ్న్యుడి పేరులో ఉన్నది ఆ బుధ్నమే. పారశీకంలో అది 'బున్' అయింది. దాన్నుంచి వచ్చిన 'బునియాద్' మన నోట 'పునాది' అయింది. మేస్త్రీ దారం కట్టి, ముగ్గు పోసి 'ఇక పునాది తీయండి' అంటాడే, ఆ మాటా 'ఫౌండేషన్' అన్న మాటా దాయాదులే. 'ఎస్టాబ్లిష్' కూడా అంతే. లాటిన్ 'స్తారె', మన 'స్థా' ధాతువు ఒకే మూలానివి, రెంటికీ నిలబడడమని అర్థం. స్థాపించడమంటే నిలబెట్టడం.

ఇక మీ ఆహ్వానపత్రం. 'వ్యవస్థాపకులు' తప్పు కాదు. ఒక పద్ధతిలో అమర్చి నిలబెట్టినవారని దాని అర్థం. బడి పెట్టి, నడిచే ఏర్పాట్లు కూడా చేసినవారికి అది బాగా అతుకుతుంది. ఊరికే పెద్దమాటగా ఉంటుందని వేసేటట్లయితే పెద్దాయన మాటే వినండి, 'స్థాపకులు' నిండైన మాట. వాక్యంలో అయితే నాకు 'నెలకొల్పినవారు' ఇంకా ఇష్టం.

ఇంతకంటే ముఖ్యంగా చూసుకోవలసింది వేరే ఉంది. ప్రారంభించినవారినీ, శంకుస్థాపన చేసినవారినీ స్థాపకులుగా రాసేస్తున్నారు. మన నెల్లూరు దగ్గర పల్లెపాడులోని పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించారు. నెలకొల్పినవారు మాత్రం దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య. గాంధీజీ పేరు ముందు 'స్థాపకులు' అని రాస్తే ఆ ఇద్దరి శ్రమా మరుగున పడిపోతుంది. మీ బడి విషయంలోనూ ఎవరు ఏం చేశారో కనుక్కుని వేయండి.

అచ్చుకు ఇచ్చే ముందు 'స్థ' కింద ఉన్నది 'థ' వత్తో కాదో చూడండి. 'స్ధాపకులు' అని 'ధ' వత్తుతో పడుతోంది చాలాచోట్ల.