బి.ఎన్.రెడ్డి, కె.వి.రెడ్డి: వాళ్ల స్నేహం ఎలాంటిది, ఎవరి సినిమా గొప్ప?

మీరు రెండు ప్రశ్నలు కలిపి అడిగారు. పాతతరం తెలుగు సినిమా దర్శకులు బి.ఎన్.రెడ్డి, కె.వి.రెడ్డి స్నేహితులా, పోటీదారులా అన్నది ఒకటి. ఇద్దరి సినిమాలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరిది పైచేయి అన్నది రెండోది. రెండోదానికి జవాబు నేను మా జేజినాయన (తాత) దగ్గర నేర్చుకున్నాను, కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

మాది జమ్మలమడుగు వైపు ఒక పల్లె. జేజినాయన 1960ల్లో టూరింగ్ టాకీసులో ఆపరేటరు. డేరా, నేల టికెట్టు, ఒక్కటే మిషను. రీలు అయిపోయినప్పుడల్లా లైట్లు వేసి, ఇంకో రీలు ఎక్కించేదాకా జనం కూర్చోవాల్సిందే. ఆ కాస్త వ్యవధిలోనే సోడాలు, శెనక్కాయలు అమ్ముడుపోయేవి. మొదటి ఆట ఆలస్యమైతే రెండో ఆటకు జనం వెళ్లిపోతారని ఓనరుకు టెన్షన్. అందుకని వెనక నుంచి వచ్చి "ఏదో ఒక ముక్క ఎత్తేయప్పా" అనేవాడట. ఏ ముక్క ఎత్తేయాలో తేల్చాల్సింది ఆపరేటరే.

జేజినాయన మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "కె.వి. సినిమాలో ముక్క తీస్తే కథ తెగిపోతాదిరా, జనం గోల చేస్తారు. బి.ఎన్. సినిమాలో తీస్తే కథ తెగదు, ఎవరూ ఏమీ అనరు. ఆ రాత్రి మనకే నిద్ర పట్టదు."

ఒకసారి కె.వి. తీసిన 'పాతాళ భైరవి'లో కొలను ఘట్టం తీసేశారట. మాంత్రికుడు హీరో తోట రాముణ్ని స్నానం చేసి రమ్మని పంపిస్తాడు, అక్కడ మొసలి మీద పడుతుంది, రాముడు దాన్ని చంపితే శాపం తీరిన అమ్మాయి బయటికొచ్చి మాంత్రికుడి పన్నాగం చెబుతుంది కదా, అది. అంతవరకూ చెప్పినట్టల్లా విన్న రాముడు ఉన్నట్టుండి మాంత్రికుడి మీద ఎందుకు తిరగబడ్డాడో డేరాలో ఒక్కరికీ అర్థం కాలేదు. కేకలు, ఈలలు. చివరికి మిషను ఆపి, తీసిన ముక్క మళ్లీ అతికించి చూపించాల్సి వచ్చింది. కె.వి. పద్ధతి అదే. ముందు సీనులో పెట్టిన మేకుకు తర్వాతి సీను వేలాడుతుంది. స్క్రిప్టు అంతా ముందే ఖాయం చేసుకుని, సీను చదివిస్తూ స్టాప్‌వాచ్ పట్టుకుని నిడివి లెక్క వేసుకునేవారని ఆయన దగ్గర పనిచేసినవాళ్లు ఎన్నోచోట్ల చెప్పారు. ఆయన తాడిపత్రిలో పుట్టి, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్సు చదివి, సినిమా కంపెనీలో క్యాషియరుగా మొదలైన మనిషి. ఆ లెక్క సినిమాలోనూ కనిపిస్తుంది.

ఇక బి.ఎన్. 'మల్లీశ్వరి'. అందులో 'మనసున మల్లెల' పాట వచ్చేంతసేపూ కథ ఒక్క అడుగు కూడా ముందుకు కదలదు. తీసేసినా కథ అర్థమవుతుంది. కానీ ఆ పాట లేకపోతే ప్రేమికులు మల్లి, నాగరాజు ఎన్నాళ్లు ఎదురుచూశారో మనకు తెలుస్తుందే తప్ప ఒంటికి తగలదు. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు సినిమాకు పాటలు రాయడం అదే మొదలు. సాలూరి రాజేశ్వరరావు గారి స్వరం, భానుమతి గొంతు కలిసిన ఆ పాటలో కథ ఆగి ఊపిరి తీసుకుంటుంది. బి.ఎన్. దాన్ని తొందరపెట్టరు. జేజినాయన ఆ పాట ఎప్పుడూ ఎత్తేయలేదు. ఓనరుతో మాట పడ్డాడు కానీ ఎత్తేయలేదు.

ఈ రెండు సినిమాలూ ఒకే సంవత్సరానివి. 1951 మార్చిలో 'పాతాళ భైరవి', డిసెంబరులో 'మల్లీశ్వరి'. రెంటిలోనూ హీరో ఎన్టీఆరే. ఒకటి విజయా అనే నిర్మాణ సంస్థ వాళ్లది, ఇంకొకటి వాహినీ అనే సంస్థ వాళ్లది. విజయా నాగిరెడ్డి గారు బి.ఎన్.కు స్వయానా తమ్ముడు కాబట్టి అంతా ఒకే ఇంటి వ్యవహారం అనుకోవచ్చు. 'పాతాళ భైరవి' 1952లో మన దేశంలో జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవానికి వెళ్లింది. 'మల్లీశ్వరి' చైనాలో కూడా ఆడింది. ఒకే ఏడాదిలో ఒకే గూటి నుంచి ఇంత వేర్వేరు సినిమాలు రెండు రావడం నాకు ఎప్పుడు తలుచుకున్నా ఆశ్చర్యమే.

ఇప్పుడు స్నేహం సంగతి. బి.ఎన్. 1908లో పులివెందుల దగ్గర కొత్తపల్లిలో పుట్టారు, కె.వి. 1912లో తాడిపత్రిలో. నాలుగేళ్లు తేడా, పక్కపక్క తాలూకాలు. ఇద్దరూ కలిసి పనిచేయడం రోహిణీ పిక్చర్స్ అనే సినిమా కంపెనీ రోజుల నుంచే ఉంది. బి.ఎన్. వాహినీ పెట్టినప్పుడు కె.వి. కూడా అటే వచ్చారు. 'వందేమాతరం' (1939), 'సుమంగళి' (1940), 'దేవత' (1941) బి.ఎన్. తీస్తుంటే, నిర్మాణం పనులు, జమాఖర్చులు కె.వి. చూసుకున్నారు. వాహినీ భాగస్వామి మూల నారాయణస్వామి గారు, కెమెరా రామ్‌నాథ్ గారు, కళ శేఖర్ గారు, నటుడు నాగయ్య గారు, అందరూ ఒకే జట్టు. స్నేహం అనగానే మనకు భుజాల మీద చేతులు వేసుకున్న ఫోటో గుర్తొస్తుంది. వీళ్లది నలుగురూ కలిసి కంపెనీ నడుపుకునే స్నేహం. ఇలాంటి స్నేహంలో ఒకరి పని మీద ఇంకొకరికి నమ్మకం ఉందా లేదా అన్నది మాటల్లో కాదు, పని అప్పగించినప్పుడు తెలుస్తుంది.

అది తెలిసింది 'భక్త పోతన'తో. అప్పటిదాకా వాహినీ అంటే బి.ఎన్., బి.ఎన్. అంటే సాంఘికం: వితంతు వివాహం, పనిపిల్లను మోసం చేసిన పెద్దింటి అబ్బాయి, అలాంటి కథలు. ఆ కంపెనీలో క్యాషు చూసిన కె.వి. భక్తి కథ ఎత్తుకుని మొదటిసారి దర్శకత్వం చేశారు. అదీ యుద్ధ భయంతో జనం మద్రాసు ఖాళీ చేసి ఊళ్లకు పోతున్న కాలంలో. 1943లో విడుదలై ఎంత బాగా ఆడిందో అందరికీ తెలిసిందే. కంపెనీకి పేరు తెచ్చిన తోవ ఒకటి ఉండగా, దానికి పూర్తిగా వేరే తోవలో ఇంకొకరిని పోనివ్వడం చిన్న విషయం కాదు. నా దృష్టిలో వాళ్ల స్నేహానికి అంతకంటే గట్టి రుజువు అక్కర్లేదు.

ఇద్దరినీ పోల్చాలంటే నాగయ్య గారిని పట్టుకోవడం అన్నిటికంటే తేలిక. 'స్వర్గసీమ' (1945)లో బి.ఎన్. ఆయన్ను నాటకాల అమ్మాయి మోజులో పడి ఇల్లు మరిచిన భర్తగా చూపించారు. 'యోగి వేమన' (1947)లో కె.వి. ఆయన్ను భోగలాలసుడి నుంచి యోగి దాకా నడిపించారు. నటుడు ఒకరే, మోహంలో పడి లేచే మనిషి అన్న విషయమూ ఒకటే. బి.ఎన్. సినిమాలో ఆ మనిషి ముఖం మీద మనం ఎక్కువసేపు నిలబడతాం, అతను సిగ్గుపడుతుంటే మనకూ ఇబ్బందిగా ఉంటుంది. కె.వి. సినిమాలో అతనికి ఏం జరుగుతుందో దాని వెంట పరిగెడతాం, పరిగెడుతూ పరిగెడుతూ ఉన్నట్టుండి ఒకచోట ఆగి గొంతు పట్టేస్తుంది.

అయితే బి.ఎన్. అంటే కవిత్వం, కె.వి. అంటే కథ అని గీత గీసేస్తే నేను ఒప్పుకోను. 'పెద్దమనుషులు' (1954) చూడండి. పైకి ధర్మరాజులా కనిపించి లోపల ఊరిని దోచే మునిసిపల్ చైర్మన్ కథ. వాహినీ బ్యానరు మీద కె.వి. తీసిన ఆ సినిమా, పేరు వేయకుండా చూపిస్తే బి.ఎన్. తీశారేమో అనుకునేంత సూటిగా ఉంటుంది. అలాగే 'మల్లీశ్వరి'లో వాన కురిసే రాత్రి మండపం సీను. మారువేషంలో ఉన్న రాయలవారితో నాగరాజు ఊరికే హాస్యానికి, మా మల్లికి పల్లకీ పంపించండి అంటాడు. ఆ హాస్యమే తర్వాత నిజంగా పల్లకీ అయి ఇంటి ముందు దిగుతుంది. ఇంత గట్టిగా మేకు కొట్టి, దానికి సినిమా మొత్తం తగిలించడం కె.వి. చేసే పని. ఒకరి సెట్టు పక్కన ఇంకొకరు అన్నేళ్లు తిరిగినవాళ్లు, నేర్చుకోకుండా ఎట్లా ఉంటారు?

బి.ఎన్. 1960లో 'రాజమకుటం' అని జానపదం కూడా తీశారు. బాగుంటుంది, కానీ అక్కడ మాత్రం కె.వి. లేని లోటు తెలుస్తుంది.

నా ఓటు ఎవరికి అంటే, పదిమందితో కూర్చుని చూసేటప్పుడు కె.వి.కే. 'మాయాబజార్' (1957)లో 'లాహిరి లాహిరి' పాట చూడండి. వెన్నెల, పడవ, పాట. బి.ఎన్. అయితే అక్కడే ఉండిపోయేవారు. కె.వి. అదే పడవలోకి ఒక జంట తర్వాత ఇంకో జంటను ఎక్కించి, పిల్లల దొంగతనం పెద్దల కంటపడుతుందేమోనని మనల్ని నవ్విస్తూ భయపెడతారు. వెన్నెలా పోలేదు, కథా ఆగలేదు. ఇది ఇంకెవరికీ సాధ్యం కాలేదని గట్టిగా నమ్ముతాను. అంతటి మనిషి 1972లో అరవై ఏళ్లకే వెళ్లిపోయారు. బి.ఎన్.కు 1974 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు వచ్చింది, దక్షిణాదిలో మొదటిది. దానికి ఆయన పూర్తిగా తగినవారే. కె.వి.కి అలాంటిదేదీ అందకపోవడం మాత్రం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఒంటరిగా చూసేటప్పుడైతే నేను 'మల్లీశ్వరి'కే వెళతాను. జేజినాయన చివరి ఏడాది టీవీలో అది వస్తుంటే పక్కన కూర్చున్నాను. చూపు బాగా తగ్గిపోయింది. అయినా తెర కుడి పక్క పైమూలన రీలు చివర వచ్చే చుక్క కనపడగానే మంచం మీద నుంచే చెయ్యి లేపేవాడు, లైట్లు వేయమన్నట్టు. 'మనసున మల్లెల' వచ్చేసరికి చెయ్యి దించేశాడు. పాట అయిపోయేదాకా మళ్లీ లేపలేదు.