పాత టార్చ్‌లో కొత్త ఎల్ఈడీ వేస్తే నిమిషానికే నీలంగా మారి డల్ అవుతోంది – సమాధానం

బ్యాటరీని, డ్రైవర్‌ని (ఎల్ఈడీకి కరెంటు అందించే సర్క్యూట్) అనుమానించకండి. నిమిషంలో వెలుగు పడిపోతున్నా టార్చ్ తల చల్లగానే ఉంది అన్నారు కదా, అక్కడే దొరికింది. వేడి బాడీలోకి దిగడం లేదు, మీరు వేసిన కొత్త ఎల్ఈడీ, ఎస్ఎస్‌టీ-40, లోపలే ఉడుకుతోంది. ఆ నీలం రంగు దాని గుర్తే.

1. పాత ఎల్ఈడీ (ఎక్స్ఎం-ఎల్) ఉన్న బోర్డు తీసి కింద చూడండి. చవక రకం పాత టార్చ్‌ల్లో బోర్డును మోసే ఇత్తడి ముక్క (పిల్) లోపల డొల్లగా ఉంటుంది, బోర్డు అంచు మీదే ఆనుతుంది. ఎల్ఈడీ మార్చే చాలామంది దీన్ని చూడరు. డొల్లగా ఉంటే ఆటోనగర్‌లో ఏ లేత్ షాపులోనైనా రాగి బిళ్ళ తిప్పించి బిగుతుగా దించండి, వైర్లకి రెండు రంధ్రాలతో. పై ముఖం అంచుతో సమంగా ఉండాలి. ఎత్తు పెరిగితే ఫోకస్ చెడుతుంది.

2. అల్యూమినియం బోర్డు వద్దు, డైరెక్ట్ థర్మల్ పాత్ (ఎల్ఈడీ అడుగు నేరుగా రాగికి అతికేది) ఉన్న రాగి బోర్డే కొనండి. అల్యూమినియం దాంట్లో ఎల్ఈడీకి, లోహానికి మధ్య ఇన్సులేషన్ పొర ఉంటుంది, వేడి అక్కడే ఆగుతుంది.

3. ఎల్ఈడీని ఆ బోర్డుకి సోల్డర్ చేయండి. 63/37 (తగరం-సీసం) సోల్డర్ 183 డిగ్రీల సెల్సియస్‌కు కరుగుతుంది, తిరగేసిన ఇస్త్రీపెట్టె చాలు. (ఇంట్లో అడిగి తీసుకోండి.)

4. బోర్డు కింద వేడి దిగడానికి రాసే పాత థర్మల్ పేస్ట్ గీకేసి, కొత్తది పల్చగా రాయండి. మందంగా పూస్తే లాభం లేదు.

5. రిఫ్లెక్టర్ అడుగు సోల్డర్ చుక్కలకి తగలకుండా ఇన్సులేషన్ రింగ్ వేయండి.

ఈసారి తల త్వరగా వేడెక్కుతుంది. కంగారు పడకండి, అలాగే ఉండాలి. పట్టుకోలేనంత అయితే లో మోడ్‌కి దించండి.