డాక్టర్ సలహా: కుక్కల సంగతి తర్వాత, ముందు ఆ పిక్క మీద గీత సంగతి చూద్దాం

ప్రశ్న: నాకు 48 ఏళ్లు, మాది నల్లగొండ. షుగర్ ఉంది, డాక్టర్ చెప్పిన్రని రోజూ పొద్దున 5 గంటలకు సైకిల్ మీద పానగల్ ఉదయసముద్రం కట్ట దాకా పోయి వస్తున్న. ఒక్కోసారి మా బాబు (10 ఏళ్లు) కూడా చిన్న సైకిల్ మీద వెంట వస్తడు. దారిలో చికెన్ షాపుల దగ్గర ఐదారు కుక్కలు గుంపుగా వెంటపడుతున్నయ్, స్పీడ్ పెంచితే ఇంకా ఉరికొస్తున్నయ్. కర్ర పట్టుకపోవాల్నా, కారం నీళ్లు స్ప్రే చెయ్యాల్నా? 12 రోజుల కింద ఒకటి పిక్క పట్టింది, ప్యాంటు చిరిగింది గానీ లోపల చిన్న గీతే, రెండు చుక్కల రక్తం వచ్చింది, పసుపు పెట్టిన, మా గల్లీల ఆర్‌ఎంపీ దగ్గర సూది కూడా వేయించుకున్న, మానిపోయింది. ఈ కుక్కలను ఎట్ల తప్పించుకోవాలె? – ఓ పాఠకుడు

సలహా: మీరు అడిగింది కర్ర గురించి, కారం నీళ్ల గురించి. నేను మాత్రం ‘రెండు చుక్కల రక్తం’ అన్న దగ్గరే ఆగిపోయిన. కుక్కలను ఎట్ల తప్పించుకోవాలో కింద చెప్త, కానీ ముందు మీరు ఈరోజే చెయ్యాల్సిన పని ఒకటుంది, రేపు కాదు, ఆదివారం సెలవు చూసుకొని కాదు, ఈరోజే దగ్గర్లో ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి పోయి కుక్క కరిచిందని చెప్పి రేబిస్ వ్యాక్సిన్ మొదలుపెట్టించుకోండి.

సూది వేయించుకున్న అని రాసిన్రు. ఏ సూదో రాయలే. నా అనుమానం అది టీటీ అయ్యుంటది, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే వాళ్లలో చాలామంది ఇదే మాట చెప్తరు, సూది అయింది సార్ అని, చిట్టీ చూస్తే టీటీ ఒక్కటే ఉంటది. టీటీ ధనుర్వాతం రాకుండా వేసేది. దానికి రేబిస్‌కు ఏ సంబంధం లేదు. కుక్క కాటుకు టీటీ అవసరమే, వేసిన ఆయన తప్పు చేసిండని అంటలేను, కానీ అదొక్కటే వేసి పంపిస్తే మనిషికి పని అయిపోయిందన్న ధైర్యం వస్తది, ఆ ధైర్యమే నాకు భయం. చిట్టీ మీ దగ్గర ఉంటే ఒకసారి తీసి చూడండి, దాని మీద ఏఆర్‌వీ అనో రేబిస్ వ్యాక్సిన్ అనో లేకపోతే మీకు ఇంతవరకు రేబిస్ మందు ఒక్క చుక్క కూడా పడలేదని లెక్క.

గీత చిన్నదే కదా అంటరు. కుక్క కాటును మేము మూడు రకాలుగా చూస్తం. తోలు బాగున్న చోట కుక్క నాకితే కడుక్కుంటే చాలు. రక్తం రాకుండా గీరుకపోతే వ్యాక్సిన్ కావాలె. తోలు తెగి ఒక్క చుక్క రక్తం కనిపించినా, తెగిన చోట కుక్క నాకినా అది మూడో కేటగిరీ, వ్యాక్సిన్‌తో పాటు సీరం (రేబిస్ వైరస్‌ను ఎదిరించే యాంటీబాడీలు రెడీగా ఉన్న సూది) కూడా కావాలె. పుండు పొడుగు ఎంత, లోతు ఎంత అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. మీరు రాసిన దాన్ని బట్టి మీది మూడో కేటగిరీ. నేను కాలు చూడలేదు కాబట్టి చివరి మాట మిమ్మల్ని చూసే డాక్టర్‌ది, కానీ ఆయన చూడాలంటే మీరు పోవాలె కదా.

సీరం ఎందుకంటే, వ్యాక్సిన్ వేసినంక మన ఒంట్లో రక్షణ తయారు కావడానికి వారం నుంచి రెండు వారాలు పడతది, ఆ లోపల పుండు దగ్గరున్న వైరస్‌ను అక్కడికక్కడే పట్టి ఆపడానికి సీరంను పుండు చుట్టూ, పుండులోకి ఎక్కిస్తరు, మోతాదు బరువును బట్టి లెక్కగడతరు కాబట్టి మీ బరువు చెప్పండి. కొంచెం నొప్పి ఉంటది, అబద్ధం చెప్పను. మానిపోయింది కదా ఇప్పుడు దేనికి అని ఎవరైనా అంటే, చిట్టీల రేబిస్ వ్యాక్సిన్ లేకపోతే మీకు వ్యాక్సిన్ ఇంకా మొదలే కాలేదని, రక్తం వచ్చిందని స్పష్టంగా చెప్పండి. వ్యాక్సిన్ మొదటి డోసు పడి ఏడు రోజులు దాటినోళ్లకు సీరం ఇయ్యరు, మీకు పడ్డది నేను అనుకున్నట్టు టీటీ ఒక్కటే అయితే మొదటి డోసే పడలేదు కాబట్టి 12 రోజులైనా ఇయ్యొచ్చు. ఆలస్యంగా వచ్చినోళ్లకు కూడా నిన్న కరిచినట్టే వైద్యం చెయ్యాలన్నది పద్ధతి. అన్ని పీహెచ్‌సీల్లో సీరం ఉండదు, వ్యాక్సిన్ మాత్రం సాధారణంగా ఉంటది, అందుకని ముందు వ్యాక్సిన్ వేయించుకొని సీరం కోసం జిల్లా పెద్దాసుపత్రికి పోండి. సర్కారు దవాఖానల్లో ఇవి పైసలు లేకుండానే వేస్తరు.

డోసులు పూర్తి చెయ్యండి. భుజం మీద తోలులోకి వేసేదైతే మొదటి రోజు (దాన్ని సున్నా అనుకొని లెక్కబెట్టాలె), 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు, ప్రతిసారి రెండు చోట్ల వేస్తరు. కండకు వేసేదైతే 14వ రోజు ఇంకొకటి కలిసి మొత్తం ఐదు. మన దగ్గర మూడోది అయినంక జనం కనిపించరు, పొలం పనులనో పెండ్లిళ్లనో 28వ రోజుది మర్చిపోతరు, ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఇప్పటికీ బొడ్డు చుట్టూ 14 సూదులు అని భయపడేటోళ్లున్నరు, ఆ పాత వ్యాక్సిన్ ఆపేసి ఇరవై ఏళ్లు దాటింది. షుగర్ ఉన్నా వేయించుకోవచ్చు, గర్భిణులు కూడా వేయించుకోవచ్చు. వంకాయ తినొద్దు, మాంసం ముట్టొద్దు అని పథ్యాలు చెప్తరు, అవేం లేవు. స్టెరాయిడ్ గోళీలు ఏమైనా వాడుతుంటే మాత్రం డాక్టర్‌కు చెప్పండి.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్ననంటే, హౌస్ సర్జన్సీ రోజుల్లో ఒక పిల్లగాణ్ణి చూసిన, ఇరవై ఏళ్లు ఉంటయేమో, కుక్క కరిచి రెండు నెలలైంది, ఊళ్లె పసరు మందు పోయించిన్రు, పుండు మంచిగ మానింది, మందు పనిచేసిందని అందరు అనుకున్నరు. మా దగ్గరికి వచ్చేటప్పటికి నీళ్ల గ్లాసు నోటి దాకా తెచ్చుకుంటే గొంతు పట్టేస్తున్నది, ఫ్యాన్ గాలికి కూడా ఉలిక్కిపడుతున్నడు, మనిషికి తెలివి పూర్తిగా ఉన్నది, వాళ్లమ్మతో మాట్లాడుతున్నడు. లక్షణాలు మొదలైనంక మా చేతుల్లో ఏమీ ఉండదు, దాదాపు నూటికి నూరు మంది పోతరు. ఆ వైరస్ నరాల వెంబడి మెల్లగ మెదడుకు ఎక్కుతది, సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలలు పడతది, కొందరిలో వారంలోనే, కొందరిలో ఏడాదికి కూడా. మొహం మీద, చేతుల మీద కరిస్తే తొందరగా చేరుతది. మీది పిక్క, మెదడుకు దారి పొడుగు, అందుకని ఇంకా టైమ్ ఉన్నదనే ఆశతోనే చెప్తున్న. పసరు తాగి బతికిన అని ఎవరైనా చెప్తే, ఆయన్ను కరిచిన కుక్కకు రేబిస్ లేకనన్న పోవాలె, ఆయన ఒంట్లోకి వైరస్ చేరకనన్న పోవాలె, అంతేగానీ అది పసరు గొప్ప కాదు.

పసుపు పెట్టిన అన్నరు. పసుపు, సున్నం, కారం, కాఫీ పొడి ఏవీ పెట్టొద్దు. ఇకముందు మీకైనా ఇంట్లో ఎవరికైనా కరిస్తే, వెంటనే నల్లా కింద పెట్టి సబ్బుతో 15 నిమిషాలు, గడియారం చూసుకొని, కడగాలె. ఆ వైరస్‌కు సబ్బంటే పడదు, సగం వైద్యం అక్కడే అయితది. తర్వాత బెటాడిన్ రాసుకోవచ్చు. కట్టు గట్టిగ కట్టొద్దు, కుట్లు వెయ్యమని అడగొద్దు.

కుక్క మంచిగనే ఉన్నది కదా, నురుగు కారుతలేదు కదా అని కూడా అంటరు. లక్షణాలు కనిపించకముందు కొన్ని రోజుల నుంచే దాని చొంగలో వైరస్ ఉండొచ్చు. కరిచిన కుక్కను 10 రోజులు కనిపెట్టి చూసినప్పుడు అది బతికి ఆరోగ్యంగా ఉంటే భయం చాలావరకు తీరినట్టే, కానీ అది మన కళ్ల ముందున్న పెంపుడు కుక్కకు వర్తిస్తది. మీ దగ్గర ఐదారున్నయ్, చీకట్ల కరిచిందేదో మీరు గుర్తుపట్టగలరా? గుర్తుపడతా అంటే ఆ సంగతి డాక్టర్‌కు చెప్పండి, ఆయన లెక్కలోకి తీసుకుంటడు, మీ అంతట మీరు నిర్ణయించుకొని ఇంట్ల కూర్చోవద్దు.

ఇక మీరు అడిగింది. నేను పశువుల డాక్టర్‌ను కాదు, కుక్కల నుంచి తప్పించుకోబోయి సైకిల్ మీది నుంచి, బండి మీది నుంచి పడ్డోళ్లకు కట్లు కట్టే డాక్టర్‌ను, వాళ్లను చూసి నేర్చుకున్నది చెప్తున్న. ఉరికేదాన్ని తరమడం కుక్క స్వభావం, మీరు స్పీడ్ పెంచితే దానికి ఇంకా హుషారొస్తది. దూరం నుంచే స్పీడ్ తగ్గించండి, అయినా మీదికి వస్తే దిగి, సైకిల్‌ను మీకూ దానికీ మధ్యల పెట్టుకొని, వెనక్కి తిరిగి ఉరకకుండా, దాని కళ్లల్లోకి చూడకుండా, గట్టి గొంతుతో ‘ఏయ్, పో’ అని మెల్లగ నడుచుకుంటూ దాటండి. చాలావరకు నాలుగు అడుగులకే వదిలేస్తయ్. కాలుతో తన్నబోవద్దు, పెడల్ మీది నుంచి కాలు తీస్తే బ్యాలెన్స్ పోతది, కాలు దాని నోటికి అందుతది. కర్ర ఒక చేత్తో ఊపుకుంటూ సైకిల్ తొక్కినా ఇదే జరుగుతది. కారం నీళ్లు అసలే వద్దు, ఎదురుగాలికి మీ కళ్లల్లోనే పడతయ్, ఆ మూగజీవానికి కూడా బాధ, అది ఇంకా మనిషంటే పగబడతది. వాటర్ బాటిల్‌తో మొహం మీద నీళ్లు చల్లితే కొన్ని ఆగుతయ్, చూడండి.

అన్నిటికంటె సులువైంది, టైమ్ మార్చండి. తెల్లారినంక 6 దాటి పోండి, మీకు అవి కనిపిస్తయ్, వాటికి మీరు కనిపిస్తరు. చికెన్ షాపుల దగ్గర పారేసిన ముక్కల కోసం గుంపు చేరతది, తిండి దగ్గర కుక్కకు కోపమెక్కువ, పిల్లలు పెట్టిన తల్లి కుక్కకు ఇంకా ఎక్కువ. ఆ సందు వదిలి వేరే రోడ్డు పట్టండి. షాపులోళ్లను ముక్కలు బయట వెయ్యొద్దని గట్టిగనే అడగండి, మున్సిపాలిటీకి నలుగురు కలిసి కాగితం రాసియ్యండి. ఏబీసీ రూల్స్ (వీధికుక్కల సంఖ్య పెరగకుండా చూసే కేంద్ర నియమాలు) ప్రకారం కుక్కలను పట్టుకపోయి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, సాధారణంగా మళ్లీ అక్కడే వదలాలె. కుక్కల్లో నూటికి 70కి టీకాలు పడితే వాటిలో వాటికి రేబిస్ అంటుకోవడం ఆగుతది, కాబట్టి టీకా పడిన కుక్క మీ గల్లీల ఉండడం మీకే మంచిది.

హెల్మెట్ పెట్టుకోండి. మన జిల్లాల ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన తరం మనది, అసొంటి ఎముకలు ఎక్స్‌రేలో దొడ్డుగ కనిపించినా పెళుసుగ ఉంటయ్, చిన్న పడుడుకే విరుగుతయ్. ఇంకొకటి, షుగర్‌కు గ్లిమెపిరైడ్ లాంటి గోళీ వేసుకొని ఖాళీ కడుపుతో తొక్కుతున్నరా? అట్లయితే షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతయ్, జేబుల రెండు చాక్లెట్లు పెట్టుకోండి, గోళీ టైమ్ గురించి మీ డాక్టర్‌ను అడగండి, మీ అంతట మీరు మార్చొద్దు.

చివరికి ఒక మాట, మీ బాబు కూడా వెంట వస్తడని రాసిన్రు. పిల్లలు కుక్క గీరినా చెప్పరు, తిడతరని, సైకిల్ గుంజుకుంటరని, సూదికి భయపడి దాచిపెడతరు. ఈరోజు దవాఖానకు పోయే ముందు వాడి కాళ్లు, చేతులు ఒకసారి చూడండి, గట్టిగ కాకుండా పక్కన కూర్చోబెట్టుకొని అడగండి, నిన్ను కూడా ఎప్పుడన్న పట్టిందా బిడ్డా అని. అవునంటే, ఎన్ని రోజులైనా సరే, వాణ్ణి కూడా వెంట తీసుకొని పోండి.