సోమలింగానికి తరవాత పేరు పెడదాం

పర్లాకిమిడి,
ఆదివారం.

చి. బుజ్జికి మావయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ మొన్న రాత్రి చూశాను. ఫోన్ చేద్దామనుకున్నాను గాని, మధ్యలో మీ అమ్మ లాక్కుని పెళ్ళిళ్ళ కబుర్లలోకి దించేస్తుంది. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

బ్లాగు రాయాలని ఉంది, ఉన్న టూల్స్ ఏవీ నచ్చలేదు, అందుకని సొంతంగా బ్లాగు ఇంజను, అంటే బ్లాగుని నడిపే ప్రోగ్రాం, రాసి, కోడ్ అందరూ చూసి వాడుకునేలా ఓపెన్ సోర్స్‌లో పెడతానన్నావు. పేరు పెట్టేశావు. లోగో గీయించావు. గో లాంగ్వేజ్‌లో రాయాలా, రస్ట్‌లో రాయాలా అని మూడు వారాలు ఆలోచించావు. పోస్టు మాత్రం ఒక్కటీ రాయలేదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! కోప్పడకు. నేనూ ఒకప్పుడు ఆ సోమలింగాన్ని చంకనేసుకుని తిరిగినవాణ్ణే. ఆఫీసు నుంచి వచ్చాక రాత్రిళ్ళు కూర్చుని నాలుగు నెలలు సొంత ఇంజను రాశాను. కామెంట్ల పెట్టె తెరిచిన మర్నాడే స్పామ్ వచ్చి పడింది. దాన్ని ఆపడానికి ఇంకో రెండు నెలలు. వాడింది నేనొక్కణ్ణే, చివరికి నేనూ మానేశాను. ఆ ఆరు నెలల్లో రాసిన పోస్టులు నాలుగు. నాలుగూ ఆ ఇంజను గురించే.

కాబట్టి ముందు రాయి. మామూలు టెక్స్ట్ ఫైళ్ళలో, శీర్షికలకీ లింకులకీ చిన్న గుర్తులు పెట్టే మార్క్‌డౌన్‌లో రాసి, ప్రతి మార్పూ గుర్తుపెట్టుకునే గిట్‌లో పెట్టుకో. ఆ ఫైళ్ళని వెబ్‌సైటుగా మార్చే హ్యూగోనో జెకిల్‌నో ఏదో ఒకటి ఎక్కించి, సొంత డొమైన్ ఒకటి తీసుకో. ఏ టూల్ గొప్పదన్న చర్చకి ఇంతకుమించి టైం పెట్టొద్దు. రేపు టూల్ మారినా ఫైళ్ళు నీవే, చిరునామా నీదే.

ఫైళ్ళ గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం చెప్తాను. చాలా ఏళ్ళ కిందట నా బ్లాగు ఒక చౌక హోస్టింగ్‌లో ఉండేది. వాళ్ళు సర్వర్ మారుస్తున్నాం, డేటా మీరే దింపుకోండి అన్నారు. దింపాను, కొత్త చోట ఎక్కించాను, తెరిచి చూస్తే ఏ పోస్టులో చూసినా వరసగా ప్రశ్నార్థకాలు! కంప్యూటర్ అక్షరాల్ని బైట్లుగా దాచుకునే పద్ధతిని ఎన్‌కోడింగ్ అంటారు. యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో తెలుగు అక్షరానికి మూడు బైట్లు పడతాయి. ఒక్క బైటు అక్షరాలకే చోటున్న లాటిన్-1 పెట్టెలోకి తెలుగుని తోస్తే, పట్టని ప్రతి అక్షరం బదులూ ఒక ప్రశ్నార్థకం పెట్టేస్తుంది. ఇది బాగా గుర్తుంచుకో: తెలుగు బదులు పిచ్చి పిచ్చి గుర్తులు కనిపిస్తే భయపడకు, చాలాసార్లు బైట్లు బతికే ఉంటాయి, సరైన ఎన్‌కోడింగ్‌తో తెరిస్తే తిరిగొస్తాయి. ప్రశ్నార్థకాలైపోతే మాత్రం ఇక వెనక్కి రావు. పాత సర్వర్‌ని వాళ్ళు అప్పటికే తుడిచేశారు. నాకు మిగిలినవి పదకొండు పోస్టులు. అవీ మా అత్తగారి పుణ్యం. బరంపురంలో ఉండే ఆవిడ స్క్రీన్ మీద చదవలేక జిరాక్స్ షాపులో ప్రింట్లు తీయించుకుని, పంచాంగం మధ్యలో పెట్టుకున్నారు. అందుకని బ్యాకప్ తీశానని మురిసిపోకు. వేరే మెషీన్‌లో ఎక్కించి, కళ్ళతో తెలుగు చదివాకే అది బ్యాకప్ అయినట్టు.

ఇప్పుడు ఓపెన్ సోర్స్ సంగతి. నువ్వు కొత్తది కట్టాలనుకోవడంలో తప్పులేదు గాని, పేరున్న టూల్ కూడా సున్నా నుంచే మొదలవ్వాలని లేదు. బ్లాగులు నడిపే వర్డ్‌ప్రెస్‌నే చూడు. బీ2 అనే టూల్ పని ఆగిపోతే, దాన్ని వాడుతున్న మాట్ ములెన్‌వెగ్, మైక్ లిటిల్ అనే ఇద్దరు ఆ కోడ్‌నే తీసుకుని బాగుచేసి, 2003 మే 27న వర్డ్‌ప్రెస్ పేరుతో వదిలారు. బీ2 కోడ్ ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చనే జీపీఎల్ లైసెన్సులో ఉంది కాబట్టే అది కుదిరింది. మరుసటేడు మూవబుల్ టైప్ అనే పెద్ద టూల్ తన లైసెన్సు షరతులు మార్చేసరికి విసుగొచ్చిన జనం చాలామంది ఇటే వచ్చారు.

నీకు గుచ్చుకున్న ముల్లే నీ పని. ఎక్కడో అమెరికాలో కూర్చున్నవాడికి ఆ ముల్లు కనపడదు. నాకు గుచ్చుకున్నది చెప్తాను, చూడు. వర్డ్‌ప్రెస్‌లో పోస్టుకి తెలుగులో శీర్షిక పెడితే దాన్నుంచే వెబ్ చిరునామా తయారవుతుంది. అక్కడ ఒక్కో బైటూ శాతం గుర్తుతో కలిపి మూడు గుర్తులవుతుంది. అంటే ఒక తెలుగు గుర్తుకి తొమ్మిది. ఆ భాగానికి ఉన్న చోటేమో 200. ‘పర్లాకిమిడి’ని ఒత్తులూ గుణింతాలూ విడదీసి లెక్కపెట్టు: పదకొండు గుర్తులు, తొంభైతొమ్మిది. మధ్యలో ఒక అడ్డగీత పెట్టి మన ఊరి పేరు రెండుసార్లు రాస్తే 199. అంతే, ఇక చోటు లేదు! అంతకంటే పొడుగు శీర్షిక పెడితే చిరునామా మధ్యలో తెగుతుంది. వాట్సాప్‌లో పంపితే అది శాతం గుర్తులతో చాంతాడంత కనిపించి, మీ పిన్ని వైరస్ లింకేమోనని తెరవదు.

శీర్షిక తెలుగులోనే ఉంచి, చిరునామాని మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చే చిన్న ప్లగిన్, అంటే వర్డ్‌ప్రెస్‌కి తగిలించుకునే కోడ్ ముక్క, రాసిపెట్టాను. ఎనభై లైన్లు కూడా లేదు. నేను రాసిన పెద్ద పెద్ద కోడ్ ఏదీ ఇవాళ ఎవరికీ గుర్తులేదు, ఇదొక్కటే జనం వాడారు. వాడాకే నా బండారం బయటపడింది. బరంపురం నుంచి ఒకాయన రాశాడు, ఒరియా శీర్షికలు పెడితే చిరునామా మొత్తం ఖాళీ అయిపోతోందని. తెలుగు కాని అక్షరం ఏదొచ్చినా తీసిపారేస్తోంది నా కోడ్. ఒడిశాలో పుట్టి, ఒడిశాలో పెరిగి, బజారులో రోజూ ఒరియా మాట్లాడుతూ, ఒక్కసారైనా ఒరియాలో టెస్ట్ చేసిన పాపాన పోలేదు. ఆ రోజు సిగ్గుతో అన్నం సహించలేదు.

నువ్వు ఒరియా మీడియంలో చదివావు, అమ్మమ్మ దగ్గర తెలుగు రాయడం నేర్చుకున్నావు, గుణుపూర్ సంతలో సవర భాష వింటూ పెరిగావు. తెలుగు తప్పుల్లేకుండా రాయలేనని బాధపడుతున్నావు గాని, ఈ మూడూ చెవిన పడ్డ డెవలపర్లు ఎంతమంది ఉంటారు? సవరనే తీసుకో. మన ఊళ్ళో పంతులుగా ఉంటూ గిడుగు రామ్మూర్తిగారు సవర నేర్చుకుని నిఘంటువు చేశారు. 1936లో మంగెయ్ గొమాంగో సవరకి సొరాంగ్ సొంపెంగ్ అనే లిపి కట్టాడు. అది 2012లో కంప్యూటర్లన్నీ వాడే అక్షరాల పట్టిక యూనికోడ్‌లోకి వచ్చింది. వచ్చాక కూడా చిక్కే. ఆ అక్షరాలు ఒక్కోటి నాలుగు బైట్లు. వర్డ్‌ప్రెస్ పోస్టుల్ని దాచుకునే మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో యూటీఎఫ్8 అని పేరు పెట్టుకున్న పాత అమరిక మూడు బైట్ల దాకానే పట్టేది. నాలుగు బైట్ల అక్షరం తగిలితే అక్కడి నుంచి పోస్టంతా తెగిపోయేది. 2015లో 4.2 వెర్షన్‌తో వర్డ్‌ప్రెస్ నాలుగు బైట్ల అమరికకి మారింది. చాలా ఎమోజీలూ నాలుగు బైట్లవే కావడం సవరకి కలిసొచ్చిందని నా అనుమానం.

అందుకని మొదట నువ్వు వాడుతున్న టూల్‌లోనే ఈ మూడు లిపులూ పెట్టి చూడు. శీర్షిక, వెతుకులాట, పోస్టు తాలూకు చిన్న సారాంశం, ఎక్కడో ఒకచోట విరుగుతుంది. విరిగిన చోట బగ్ రిపోర్ట్ రాయి. ఏ వెర్షన్, ఏం నొక్కావు, ఏం రావాలి, ఏం వచ్చింది, ఇంతే. కోపం అక్కర్లేదు. చేతనైతే దిద్దుబాటు కూడా పంపు, ఒక దిద్దుబాటులో ఒకటే సంగతి ఉండాలి. జవాబు నెలల తరబడి రాకపోవచ్చు. నా మొదటిది ఏడు నెలలు ఎండింది. టూల్‌ని తెలుగులోకి తర్జుమా చేసే పని పెట్టుకుంటే ‘అమరికలు’ అనాలా ‘సెట్టింగ్స్’ అనాలా అని గొడవలొస్తాయి. నేనైతే సెట్టింగ్స్ అంటాను. నీ మాట ఒకసారి చెప్పు, తరవాత టీమ్ ఏది అంటే అది.

నీ కోడ్ నువ్వే పెట్టేటప్పుడు లైసెన్సు ఫైలు మరిచిపోకు. అది లేకపోతే కోడ్ అందరికీ కనిపిస్తుంది గాని ఎవరికీ వాడుకునే హక్కు ఉండదు. ఆఫీసు అపాయింట్‌మెంట్ లెటర్ కూడా తీసి చదువు. ఉద్యోగంలో ఉండగా నువ్వు రాసిన ప్రతిదీ మాదేనని రాసుంటే, ముందు మేనేజర్ దగ్గర మెయిల్‌లో అనుమతి తీసుకో. ఆఫీసు ల్యాప్‌టాప్ ముట్టుకోకు.

జనం వాడటం మొదలెట్టాక అసలు టెన్షన్ మొదలవుతుంది. రాత్రి పదకొండింటికి ‘సైట్ ఆగిపోయింది, వెంటనే చూడండి’ అని మెసేజ్. ముక్కూ మొహం తెలియనివాడు, పైసా ఇవ్వనివాడు. నేను లేచి కూర్చునేవాణ్ణి. ఒకసారి పాతపట్నంలో చుట్టాల పెళ్ళిలో, తాళి కట్టే టైంలో మండపం వెనక ఫోన్‌లో కోడ్ చూస్తున్నాను. మీ అత్త చూసి, ‘జీతం ఇవ్వని ఆఫీసు ఇంకోటి పెట్టుకున్నారా?’ అంది. అప్పటి నుంచి ఆదివారం పొద్దున్న రెండు గంటలు, అంతే. ఆ సంగతి ప్రాజెక్టు మొదటి పేజీలోనే రాసిపెట్టాను. తిట్టినవాళ్ళు ఇద్దరో ముగ్గురో, మిగతావాళ్ళు ఆగారు.

2024 మార్చిలో బయటపడ్డ ఎక్స్‌జెడ్ అనే, ఫైళ్ళని కుదించే ఓపెన్ సోర్స్ లైబ్రరీ సంగతి నీకు తెలిసే ఉంటుంది. దాదాపు ఒంటిచేత్తో ఆ లైబ్రరీ చూసుకుంటున్న మనిషి, ఒంట్లో మనసులో బాగోక నెమ్మదించాడు. తొందర పెడుతూ రాసినవాళ్ళు కొందరు, సాయం చేస్తానంటూ చేరినవాడు ఒకడు. వాడు రెండేళ్ళపైన నమ్మకం సంపాదించి అందులో దొంగదారి పెట్టాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన సర్వర్‌లో లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందేమిటని తవ్వబట్టి దొరికింది గాని, లేకపోతే ఎంత దూరం పోయేదో! నాకు ఆ కథలో దొంగకంటే ఆ అలసిన మనిషే గుర్తుంటాడు. నీకు విసుగొస్తోందని తెలిసిన రోజే, ప్రాజెక్టు ఆపుతున్నానని మొదటి పేజీలో రాసెయ్యి. ఎవరికైనా అప్పగించాలనుంటే తాళాలన్నీ ఒకేసారి ఇవ్వకు, ఏడాది పాటు వాళ్ళ పని చూడు. నా ప్లగిన్ ఇప్పుడు ఇద్దరు కుర్రాళ్ళు చూస్తున్నారు. నాకంటే బాగానే చూస్తున్నారు, చెప్పుకోవడానికి కాస్త కష్టంగా ఉన్నా.

నీ ఇంజను పేరు బాగుంది, దాచుకో. ఈలోగా గుణుపూర్ సంత మీద ఒక పోస్టు రాయి, పది పేరాలు చాలు. అమ్మమ్మతో మాట్లాడినట్టే రాయి, తప్పులు నేను చూసిపెడతాను. దానికి తెలుగులో ఒకటి, ఒరియాలో ఒకటి, సవర లిపిలో ఒకటి, మూడు శీర్షికలు పెట్టి ఏది ఎక్కడ తెగిందో వచ్చే ఆదివారం పదింటిలోపు పంపు. పది దాటితే నేను బజారుకి పోతాను.

మీ అమ్మ పంపిన చింతపండు అందిందని చెప్పు.

మీ మావయ్య